మీటరు చెప్పిన మాట, బిల్లు విన్న మాట
(స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు చేసే పని గురించి పదిహేను నిమిషాలు మాట్లాడు, కానీ అందరికీ అర్థమయ్యేట్టు మాట్లాడు" అన్నారు. నా పని ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పేస్తాను. కరెంటు మీటరు నుంచి బయల్దేరిన సమాచారం నాలుగైదు కంప్యూటర్లు దాటి బిల్లు దాకా వెళ్లేలోపు దాని అర్థం చెడిపోతుందా, నిలబడుతుందా అని పరీక్షించడం. దీన్ని మావాళ్లు సెమాంటిక్ ఇంటరాపరబిలిటీ టెస్టింగ్ అంటారు. ఆ మాట ఇంక అనను. మా అమ్మ అయితే "మావాడు మీటర్లు చూస్తాడు" అంటుంది. లైన్‌మన్‌ననుకుని వీధిలో వాళ్లు ఫ్యూజు పోయినప్పుడు నన్నే పిలుస్తున్నారు.

అర్థమయ్యేట్టు చెప్పాలంటే మన ఊళ్ల లెక్కతోనే మొదలుపెట్టాలి. మన బడికి సరిహద్దుకు రెండు వైపుల నుంచీ పిల్లలు వచ్చేవారు, ఇప్పుడూ వస్తున్నారు. ఒక రైతు పాసుపుస్తకంలో విస్తీర్ణం 2.20 అని ఉందనుకోండి. తెలంగాణ వైపు దాన్ని రెండెకరాల ఇరవై గుంటలని చదువుతారు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. ఆంధ్ర వైపు అదే 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి నూరు సెంట్లు. రెండింటికీ తేడా ముప్ఫై సెంట్లు. ముప్ఫై సెంట్ల ధర ఇవాళ ఎంతో నాకన్నా మీకే బాగా తెలుసు.

ఇప్పుడు ఈ రెండు రకాల పుస్తకాలనూ ఒక కంప్యూటరులోకి ఎక్కించే కుర్రాడిని ఊహించండి. పాపం, ఏ తప్పూ చేయడు. 2.20 ఉన్నచోట 2.20 అనే కొడతాడు. చుక్క చుక్కలాగే ఉంది, అంకెలు అంకెల్లాగే ఉన్నాయి. కంప్యూటరు కూడా గళ్లలో సరైన రకం సంఖ్య పడిందా అని చూసుకుని సరే అంటుంది. అక్షరం పొల్లుపోలేదు. అయినా ఒకరి పొలం పన్నెండు గుంటలు తగ్గిపోయింది.

దీన్ని పట్టుకోవడం ఎలా? లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఇది వారి పరీక్షగా భావిస్తాను. 2.75 అని ఒక పుస్తకంలో కనిపిస్తే అది గుంటలు కాదని చూడగానే తెలుస్తుంది. గుంటలు ముప్ఫై తొమ్మిది దాటవు, నలభై అయితే ఎకరం అయిపోతుంది. కానీ 2.20 అయితే దొరకదు. 2.00 అయితే అసలే దొరకదు, రెండు లెక్కల్లోనూ అదే పొలం. అంటే ఏ అంకెలతో పరీక్షిస్తున్నామన్న దాన్ని బట్టే తప్పు బయటపడడం, దాక్కోవడం. మా పరీక్షల్లో సగం తెలివి ఇక్కడే ఖర్చవుతుంది. గుండ్రటి అంకెలు మేం వాడం.

ఇప్పుడు మీటరు దగ్గరకు వద్దాం. స్మార్ట్ మీటరు మాట్లాడే భాష పేరు డీఎల్‌ఎంఎస్. అంతర్జాతీయంగా ఐఈసీ 62056 అనే ప్రమాణం, మన దేశానికి దాన్ని అన్వయిస్తూ ఐఎస్ 15959 అనే మన ప్రమాణం ఉన్నాయి. ఆ భాషలో ప్రతి సంగతికీ ఆరు అంకెల చిరునామా ఉంటుంది. 1.0.1.8.0.255 అంటే ఇప్పటిదాకా లోపలికి వచ్చిన మొత్తం కరెంటు. 1.0.2.8.0.255 అంటే బయటికి వెళ్లిన మొత్తం. మీటరు ఈ అంకెలను ముందు ఒక సేకరణ కంప్యూటరుకు పంపుతుంది. అక్కడి నుంచి మీటరు లెక్కలన్నీ దాచే ఇంకో వ్యవస్థకు, అక్కడి నుంచి బిల్లు వేసే చోటికి వెళ్తాయి. మొదటి మజిలీ దాటాక భాష మారుతుంది. కరెంటు సంస్థల ఆఫీసు కంప్యూటర్లు ఎక్కువగా కామన్ ఇన్ఫర్మేషన్ మోడల్ అనే కుటుంబానికి చెందిన భాషలో మాట్లాడుకుంటాయి. మీటరు భాషలో వాట్ అవర్‌కు గుర్తు 30. ఆ ఆఫీసు భాషలో అదే వాట్ అవర్‌కు గుర్తు 72. మధ్యలో దుబాసీలాంటి ప్రోగ్రాం ఒకటి కూర్చుని ఒకదాన్ని ఇంకోదానిలోకి మారుస్తూ ఉంటుంది. నేను పరీక్షించేది ముఖ్యంగా ఆ దుబాసీని.

మీటరు తన అంకెను ఒకచోట, దాన్ని పదితో ఎన్నిసార్లు గుణించాలన్నది ఇంకోచోట చెబుతుంది. 123456 అని చెప్పి, పక్కన "ఒకసారి పదితో గుణించు, ప్రమాణం వాట్ అవర్" అంటే అది 1234.56 యూనిట్లు. పక్కనున్న మాట వినకపోతే లెక్క పది రెట్లు, నూరు రెట్లు, వెయ్యి రెట్లు మారిపోతుంది. ఇలాంటి తప్పులంటే నాకు గౌరవం. ఇంటికి లక్షల్లో బిల్లు వస్తే పేపర్లో పడుతుంది, మర్నాటికల్లా సరిచేస్తారు. నన్ను భయపెట్టేది నమ్మదగ్గట్టుగా కనిపించే తప్పు. పద్నాలుగు వందలు రావలసిన చోట రెండు వేలు వస్తుంది. ఎండాకాలం కదా, ఏసీ ఎక్కువ వాడాం కాబోలు అనుకుని కట్టేస్తాం.

అలాంటి తప్పుల్లో మొదటిది ప్లస్, మైనస్. ఇది మన దగ్గరి కథ కాదు గానీ చెప్పితీరాలి. జర్మనీకీ స్విట్జర్లాండుకీ మధ్య రైన్ నది మీద లౌఫెన్‌బర్గ్ అనే ఊరి దగ్గర రెండు ఒడ్డుల నుంచీ ఒక వంతెన కడుతూ వచ్చారు. ఎత్తును సముద్రమట్టం నుంచి కొలవాలి. జర్మన్లది ఉత్తర సముద్రపు మట్టం, స్విస్ వాళ్లది మధ్యధరా సముద్రపు మట్టం. రెండింటికీ 27 సెంటీమీటర్ల తేడా. ఆ తేడా ఉందని ఇంజనీర్లకు ముందే తెలుసు, లెక్కలోనూ వేసుకున్నారు. కాకపోతే కలపవలసిన చోట తీసేశారు. 2003లో చూసుకునేసరికి రెండు వైపులకూ 54 సెంటీమీటర్ల ఎడం తేలింది. తేడా గురించి తెలియనివాళ్లయితే 27 దగ్గర ఆగేవారు!

కరెంటులోనూ ఇదే. ఆఫీసు భాషలో ఉన్న ఆచారం ప్రకారం తీగ నుంచి పరికరంలోకి పోయే కరెంటు ప్లస్. కాబట్టి ఉత్పత్తి చేసే జనరేటరు దగ్గర మైనస్ కనిపిస్తుంది. జనరేటరు నడిపే మనిషికి అది వింత, ఆయన లెక్కలో తను తయారుచేసింది ప్లస్ కాక మరేమిటి? ఇద్దరివీ సరైన లెక్కలే. ఎవరిది ఏ లెక్కో ఫైల్లో రాయకపోతే మాత్రం మధ్యలో దుబాసీ తనకు తోచింది చేస్తుంది.

అసలు సంగతి ఇప్పుడు వస్తోంది. డాబా మీద సోలార్ పలకలున్నవాళ్లు, పెట్టుకుందామనుకుంటున్నవాళ్లు ఒక్కసారి శ్రద్ధగా వినండి.

పాతకాలం మీటర్లలో అల్యూమినియం చక్రం తిరిగేది గుర్తుందా? కరెంటు ఎదురుదిశలో పోతే ఆ చక్రం వెనక్కి తిరిగేది, రీడింగు తగ్గేది. తీగలు అటూ ఇటూ మార్చి ఈ పని చేసిన మహానుభావులు కొందరుండేవారు. ఈ షామియానాలో ఎవరూ లేరనే అనుకుంటున్నాను. దొంగతనం ఆపడానికి ఎలక్ట్రానిక్ మీటర్లను కరెంటు ఏ దిశలో పోయినా ముందుకే లెక్కపెట్టేట్టు తయారుచేశారు. మంచి ఉద్దేశమే. ఇప్పటి స్మార్ట్ మీటర్లలో ఇదొక అమరిక. ఒక రీతిలో ఉంచితే రెండు దిశల కరెంటునూ వాడకంగానే కలిపేస్తుంది. ఇంకో రీతిలో ఉంచితే వచ్చింది వేరుగా, పోయింది వేరుగా లెక్కపెడుతుంది.

చిక్కేమిటంటే, రెండు రీతుల్లోనూ ఆ మొదటి అంకె చిరునామా అదే, 1.0.1.8.0.255. ప్రమాణం అదే, గుణించే పద్ధతి అదే. వ్యాకరణం చూసే పరీక్షలో రెండూ నూటికి నూరు మార్కులతో పాసవుతాయి. కానీ ఒకదానిలో ఆ అంకెకు "గ్రిడ్ నుంచి తీసుకున్నది" అని అర్థం, ఇంకోదానిలో "తీసుకున్నది, ఇచ్చింది కలిపి" అని అర్థం. ఆ అమరిక ఏ రీతిలో ఉందన్న ముక్క అంకెతోపాటు ప్రయాణం చేయకపోతే బిల్లు వేసే కంప్యూటరుకు తేడా తెలిసే దారే లేదు. పలకలు పెట్టుకుని, మీటరు మార్చకముందే స్విచ్చి వేసిన ఇంటికి ఏమవుతుందో చూడండి. తను గ్రిడ్‌కు ఇచ్చిన ప్రతి యూనిట్‌కూ తనే డబ్బు కడుతుంది. ఎంత ఎండ కాస్తే అంత బిల్లు!

రెండో తప్పు కాలం. మన పెళ్లి శుభలేఖలు రాసేవారిని చూసి మా రంగం నేర్చుకోవలసింది ఉంది. ముహూర్తం రాత్రి రెండు గంటలకైతే "శుక్రవారం రాత్రి" అని రాసి ఊరుకోరు, "తెల్లవారితే శనివారం" అని పక్కన చేరుస్తారు. పంచాంగం లెక్కలో సూర్యోదయం నుంచి రోజు, గడియారం లెక్కలో అర్ధరాత్రి నుంచి రోజు. ఏ లెక్క పాటించే చుట్టమైనా సరైన రాత్రికి బండి దిగాలని ఆ రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలు లేని శుభలేఖలు మా కంప్యూటర్ల మధ్య కోట్ల సంఖ్యలో తిరుగుతుంటాయి. మన గ్రిడ్‌లో రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 ముక్కలు చేస్తారు. 10.15 అని ముద్ర పడిన లెక్క పదింబావుకు ముగిసిన ముక్కదా, పదింబావుకు మొదలైన ముక్కదా? కొన్ని భాషల్లో ముద్ర ముగింపుది. అమెరికాలో 2012లో మొదలైన గ్రీన్ బటన్ పద్ధతిలోనైతే మొదలైన సమయం రాసి, ఎంతసేపో పక్కన రాస్తారు. సాయంత్రం కరెంటు ధర వేరుగా ఉన్నచోట ఈ పదిహేను నిమిషాలు డబ్బే.

ఇంతకన్నా సరదా అయినది గ్రీనిచ్ తేడా. మీటరు సమయంతోపాటు గ్రీనిచ్‌కు ఎన్ని నిమిషాల తేడా అన్నది కూడా చెబుతుంది. మనకు 330 నిమిషాలు. అక్కడి నుంచి ఇక్కడికి ప్లస్సా, ఇక్కడి నుంచి అక్కడికి మైనస్సా అన్న దగ్గర తయారీదారులు రెండు రకాలుగా అర్థం చేసుకున్నారు. ఒకరు మైనస్ 330 పంపి ఇంకొకరు దాన్ని తలకిందులుగా చదివితే 660 నిమిషాలు, అంటే పదకొండు గంటలు జరిగిపోతుంది. మధ్యాహ్నం పన్నెండుకు తయారైన సోలార్ కరెంటు రాత్రి పదకొండుకు తయారైనట్టు లెక్కలో పడుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఇంజనీరు కూడా అక్కర్లేదు, సూర్యుడు చాలు. అందుకే మా పరీక్షల్లో "రాత్రి సోలార్ ఉత్పత్తి సున్నా" అన్న నియమం ఎప్పుడూ ఉంటుంది. చూడ్డానికి చిన్నపిల్లల నియమంలా ఉంటుంది గానీ ఖరీదైన పరికరాల కన్నా ఎక్కువ తప్పులు పట్టిస్తుంది.

మూడోది, తెలియదు అని చెప్పడం. పరీక్షలో జవాబు రాకపోతే మనం ఖాళీ వదిలేసేవాళ్లం (కొందరం వదలకుండా ఏదో ఒకటి రాసేవాళ్లం, తెలుగు మాస్టారికి తెలుసు). యంత్రానికి ఖాళీ వదలడం రాదు, ఏదో ఒక అంకె పంపాలి. సోలార్ ఇన్వర్టర్లు వాడే సన్‌స్పెక్ అనే పద్ధతిలో కొన్ని గళ్లలో 65535 వస్తే "ఈ సంగతి నా దగ్గర లేదు" అని అర్థం. అది తెలియని ప్రోగ్రాం దాన్ని 65535 వాట్లనుకుంటుంది, చిన్న ఇంటి డాబా మీద అరవై అయిదు కిలోవాట్లు! ఇదీ నవ్వుకుని సరిచేసుకునే తప్పే. దీనికి విరుగుడుగా కొందరు ప్రోగ్రామర్లు లేని అంకె వచ్చిన ప్రతిచోటా సున్నా వేసేస్తారు. అది మాత్రం నవ్వులాట కాదు. మీటరుతో సంబంధం తెగిన గంటనూ, నిజంగా ఏమీ వాడని గంటనూ ఒక్కటి చేసేశాక ఇక ఏ దేవుడూ విడదీయలేడు.

మరి పరీక్ష ఎలా చేస్తారని మీరడగాలి. అందరికీ ముందుగా తోచేది రానూపోనూ పరీక్ష. తెలుగులోంచి ఇంగ్లిషులోకి, మళ్లీ తెలుగులోకి మార్చి మొదటి వాక్యమే వచ్చిందా అని చూడడం లాంటిది. ఒక సంస్థలో (పేరు అనవసరం) దుబాసీ ప్రోగ్రాం ఈ పరీక్షను వేల ఫైళ్ల మీద తప్పు లేకుండా దాటింది. వాళ్లు మిఠాయిలు కూడా పంచుకున్నారు. అయితే పోయేటప్పుడు ప్లస్‌ను మైనస్ చేసే ప్రోగ్రామే వచ్చేటప్పుడు మైనస్‌ను ప్లస్ చేస్తుంది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకుని, ఇంటికి చేరేసరికి అంతా శుభ్రంగా కనిపిస్తుంది. వంకర గీటుబద్దతో గీసి, అదే గీటుబద్ద పెట్టి కొలిచినట్టు. కాబట్టి వెనక్కి తెచ్చే దుబాసీని వేరే బృందం, మొదటివాళ్ల ప్రోగ్రాం చూడకుండా, ప్రమాణం పుస్తకం మాత్రమే చదివి రాయాలి. ఖర్చు రెట్టింపు అవుతుంది, మేనేజర్లు ఒప్పుకోరు. నా ఉద్యోగంలో గొంతు పెంచేది ఎక్కువగా ఈ విషయం మీదే.

నాకు అన్నిటికన్నా నమ్మకమైనది పాతకాలపు పరీక్ష. తెలిసిన కరెంటును తెలిసినంతసేపు వాడి, చిట్టచివర బిల్లు దగ్గర ఏం కనిపిస్తుందో చూడడం. ఒక కిలోవాట్ హీటరును గంట వేస్తే ఒక యూనిట్. మధ్యలో ఎన్ని భాషలు మారినా చివర ఒక యూనిటే రావాలి, అది వాడకం గడిలోనే పడాలి, ఆ గంటలోనే పడాలి. మేమైతే గుండ్రటి ఒకటి వద్దని, లోపలికి 7.3, బయటికి 2.1 లాంటివి పెడతాం. రెండూ తారుమారైతే తెలుస్తుంది, కలిసిపోయి 9.4 అయినా తెలుస్తుంది, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి 5.2 అయినా తెలుస్తుంది. బయటికి సున్నా పెట్టి పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లను చూశాను. పొలం 2.00 పెట్టి గుంటలా సెంట్లా అని చూసినట్టే.

యూరప్‌లో దీనికి ఇంకో దారి పట్టారు. పరికరాలన్నిటికీ కలిపి ఒక అర్థాల నిఘంటువు తయారుచేసుకున్నారు, దాని పేరు సారెఫ్. 2015లో అక్కడి ప్రమాణాల సంస్థ ఎట్సీ దాన్ని ప్రకటించింది. మంచి పని, నేనూ వాడతాను. కానీ నిఘంటువు ఉన్నంత మాత్రాన అందరూ ఆ మాటను ఆ అర్థంలోనే వాడతారని లేదు. శబ్దరత్నాకరం ఇంట్లో ఉన్నవాళ్లంతా తెలుగు తప్పుల్లేకుండా రాస్తే మన తెలుగు మాస్టారి ఎర్రసిరా అంత ఖర్చయ్యేది కాదు.

ఇదంతా ఇప్పుడెందుకు అవసరమంటే, 2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం కింద దేశంలో 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలని లక్ష్యం. 2024లో మొదలైన సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్ల మీద సోలార్. ఈ రెండూ ఒకే ఇంటి గోడ మీద కలుసుకుంటాయి. పాత పద్ధతిలో బిల్లు తప్పు వస్తే కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్లి పోట్లాడేవాళ్లం, ఈలోపు లైటు వెలుగుతూనే ఉండేది. ప్రీపెయిడ్‌లో అంకె అర్థం తప్పితే ఖాతాలో డబ్బు ముందే కరిగిపోతుంది, అయిపోతే కరెంటు ఆగుతుంది. పోట్లాట చీకట్లో మొదలవుతుంది. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ముసలాయన ఉంటే ఆ తేడా ఏపాటిదో నేను చెప్పక్కర్లేదు.

ఇక మన సంగతి. స్వర్ణోత్సవ కానుకగా బడి డాబా మీద అయిదు కిలోవాట్ల సోలార్ పెట్టాలని సంఘం నిర్ణయించింది. అందులో మీ అందరి చందా ఉంది. కిలోవాట్‌కు రోజుకు సుమారు నాలుగు యూనిట్ల చొప్పున రోజుకు ఇరవై. వేసవి సెలవులు నెలన్నర. ఆ రోజుల్లో బడిలో ఫ్యాను కూడా తిరగదు కాబట్టి దాదాపు తొమ్మిది వందల యూనిట్లు గ్రిడ్‌కే పోతాయి. మీటరు అమరిక ఒక రీతిలో ఉంటే అవి బడికి జమ. ఇంకో రీతిలో ఉంటే తలుపులు మూసున్న బడికి తొమ్మిది వందల యూనిట్ల బిల్లు. జూన్‌లో తలుపు తీసిన హెడ్‌మాస్టారి చేతిలో ఆ కాగితం పెట్టకూడదు.

అందుకని కమిటీవారికి నా విన్నపం. రెండు దిశలూ వేరుగా లెక్కపెట్టే మీటరు గోడకెక్కేదాకా, పలకలు బిగించిన కంట్రాక్టరు ఎంత తొందరపెట్టినా స్విచ్చి వేయనివ్వకండి. వేశాక మొదటి ఆదివారం మధ్యాహ్నం బడిలో అన్నీ ఆపేసి ఓ గంట చూడాలి. మీటరు తెర మీద ఎక్స్‌పోర్ట్ అంకె పెరగాలి, ఇంపోర్ట్ కదలకూడదు. ఆ రాత్రి రెండు ఫ్యాన్లు, లైట్లు వేసి చూస్తే ఇంపోర్ట్ పెరగాలి, ఎక్స్‌పోర్ట్ కదలకూడదు. ఈ నాలుగు అంకెలూ, సమయాలూ పుస్తకంలో రాసి, ఫోన్‌లో కనిపించే లెక్కతోనూ, నెలాఖరు బిల్లుతోనూ పోల్చాలి. ఇన్వర్టరు చూపే ఉత్పత్తికి గ్రిడ్ నుంచి వచ్చింది కలిపి, గ్రిడ్‌కు పోయింది తీసేస్తే బడి వాడకం వస్తుంది. అది ఏ రోజూ మైనస్‌లోకి పోకూడదు. నూటికి ఒకటీ రెండు అటూ ఇటూ అయితే మీటరు ఖచ్చితత్వపు హద్దులోదే, కంగారు పడక్కర్లేదు.

ఈ పని తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పగించమని సైన్సు టీచరు గారిని అడిగాను, సరేనన్నారు. "పిల్లలు రాసింది ఆఫీసువాళ్లు ఒప్పుకుంటారా" అని కార్యదర్శి గారు సందేహం వెలిబుచ్చారు. తేదీ, సమయం, ఫోటో ఉన్న రీడింగును పిల్లలు రాస్తే ఏం, పెద్దలు రాస్తే ఏం సార్? ఒప్పుకోకపోతే ఆ పుస్తకం పట్టుకుని నేనొస్తాను. పుస్తకం కూడా నేనే తెచ్చాను, ఇదుగో. మొదటి పేజీలో గళ్లు గీసి ఉంచాను. పిల్లలూ, ఏ గడిలోనైనా రీడింగు తీయడం కుదరకపోతే సున్నా వేయకండి, "తీయలేదు" అని రాయండి. ఎవరు తీసుకుంటారో ముందుకు రండి.